కాలేజీ సంతకు రావాలి

పాడేరు, అరకులోయల నడుమ దారిలో ఉన్న హుకుంపేటను చదువుల ఊరని ఎవరూ అనరు. ఆ పేరు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్లది. పాడేరులో ప్రభుత్వ డిగ్రీ కళాశాల, సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ఉన్నాయి. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడినప్పుడు అది జిల్లా కేంద్రమైంది. 2024-25లో 50 సీట్లతో ప్రభుత్వ వైద్య కళాశాల కూడా వచ్చింది. అరకులోయలో మరో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉంది, ఊరంతా పర్యాటకం ఉంది. హుకుంపేట మండలంలో ఇంటర్ దాటిన పిల్లలు ఎక్కువగా ఈ రెండు చోట్లే చేరతారు. స్తోమత ఉన్నవాళ్లు ఘాట్ దిగి విశాఖ వెళతారు. ఈ చదువుల ఊళ్లలో ఏడాది పొడవునా ఏదో ఒక కార్యక్రమం నడుస్తూనే ఉంటుంది. దినోత్సవాలు, ర్యాలీలు, శిబిరాలు, ఉత్సవాలు. వాటికి జనం వస్తారు, కూర్చుంటారు, వెళ్లిపోతారు. ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో, ఎవరు మాట్లాడాలో తేల్చేది మాత్రం వాళ్లు కాదు. హుకుంపేట వారపు సంతకు జనాన్ని ఎవరూ పిలవరు, బస్సులు పెట్టి తీసుకురారు. అయినా వస్తారు. మన్యంలో కళాశాలలు సమాజం కోసమని చేసే పని ఏదైనా ఈ సంత దగ్గర, ఊళ్ల పండుగల లెక్క ప్రకారం, అక్కడి విద్యార్థుల చేతుల మీదుగా జరగాలన్నది నా వాదన.

సంతను కొనుగోలు, అమ్మకాల చోటుగా మాత్రమే చూస్తే ఈ మాట వింతగా తోస్తుంది. దగ్గర నుంచి చూస్తే అలా ఉండదు. తెల్లవారక ముందే కొండ ఊళ్ల నుంచి ఆడవాళ్లు నెత్తిన మూటలతో కాలిబాట పడతారు. అడ్డాకుల కట్టలు, పసుపు కొమ్ములు, పిప్పళ్లు, చింతపండు, చిక్కుడు గింజలు, రాజ్మా, చోళ్లు, సీజన్‌లో కొండచీపుర్లు. దారి ఉన్నచోట జీపుల్లోనూ ఆటోల్లోనూ కిక్కిరిసి దిగుతారు. అమ్మిన డబ్బుతో ఉప్పు, నూనె, ఎండుచేప, పిల్లల బట్టలు కొంటారు. ఈ లావాదేవీ మహా అయితే రెండు గంటల పని. మిగిలిన పూటంతా వేరే వ్యవహారం: పెళ్లి సంబంధం కదపడం, అప్పు తీర్చడం, పై ఊళ్లో ఎవరికి జ్వరమో కనుక్కోవడం, హాస్టల్లో ఉన్న కొడుక్కి కబురు పంపడం, పింఛను ఎందుకు ఆగిందో సచివాలయం తెలిసినవాణ్ణి అడగడం. రోడ్డు లేక రోగిని ఇప్పటికీ డోలీలో మోసుకొచ్చే ఊళ్లున్న ప్రాంతంలో వారానికొకసారి జనం అంతా ఒకచోట ఉండే సమయం ఇదొక్కటే. ఏ శాఖ ఎంత ఖర్చు పెట్టినా ఇంతమందిని ఇంత సహజంగా కూడగట్టలేదు. అలాంటి రోజున కళాశాల తరఫున ఒక బల్ల, ఒక మైకు, పదిమంది పిల్లలు అక్కడ ఉండకపోవడం చిన్న లోపమేమీ కాదు.

ఇప్పుడు పెద్ద కార్యక్రమాలు ఎలా జరుగుతున్నాయో చూద్దాం. 2025 ఏప్రిల్ 7న అరకులోయ డిగ్రీ కళాశాల మైదానంలో 20 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు 108 నిమిషాల్లో 108 సూర్య నమస్కారాలు చేశారు. ఆ ఏడాది జూన్ 20న, అంతర్జాతీయ యోగా దినోత్సవానికి ముందురోజు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం మైదానంలో 22 వేల మందికి పైగా గిరిజన విద్యార్థులు అదే ప్రదర్శన చేసి గిన్నిస్ రికార్డు తెచ్చారు. అంతకుముందు జనవరి 31 నుంచి ఫిబ్రవరి 2 వరకు అరకులో చలి ఉత్సవం మూడు రోజులు జరిగింది. ఆ పిల్లల క్రమశిక్షణను, ఓపికను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అన్ని వేలమంది ఒక్క లయలో కదలడం నిజంగా గొప్ప సాధన. నా ప్రశ్న వేరు. ఆ కార్యక్రమాల్లో విద్యార్థి ఒక సంఖ్య. ఎన్ని వేలమంది అన్నది వార్త అయింది, వాళ్లలో ఎవరైనా ఒక్క నిర్ణయం తీసుకున్నారా అన్నది ఎవరికీ పట్టలేదు. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల వయసులో ఒక కార్యక్రమాన్ని మొదటి నుంచి చివరిదాకా నడపడం ఎంత చదువో మనందరికీ తెలుసు: వేదిక మాట్లాడుకోవడం, పెద్దల్ని ఒప్పించడం, లెక్క రాయడం, మైకు ఆగిపోతే సర్దుకోవడం. నగరంలో కాలేజీ ఫెస్ట్ నడిపిన కుర్రాడు ఉద్యోగ ఇంటర్వ్యూలో ఆ అనుభవాన్ని చెప్పుకుంటాడు. మన్యం విద్యార్థికి వరుసలో నిలబడిన అనుభవమే మిగులుతోంది.

ధింసా నృత్యానికి జరిగినది చూస్తే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఊళ్లో ధింసా ఒకే వైపు ముఖం పెట్టి ఆడే ఆట కాదు. ఆడవాళ్లు ఒకరి వీపు వెనుక నుంచి మరొకరి చేయి పట్టుకుని గొలుసు కడతారు. మోరి ఊదేవాడు, తుడుము, డప్పు, కిరిడి వాయించేవాళ్లు నడుమ ఉంటారు. గొలుసు పాములా మెలికలు తిరుగుతూ వాళ్ల చుట్టూ సాగుతుంది. ముందు నడిచే పెద్దామె అడుగు మారిస్తే తోకన ఉన్న చిన్నపిల్ల దాకా ఆ మార్పు పాకుతుంది. అలసినవాళ్లు తప్పుకుంటారు, కొత్తవాళ్లు దూరతారు. అందులో రకాలున్నాయి. పోతర్ తోలలో ఆకులు కోస్తున్నట్టు అడుగులు పడతాయి. బాగ్ తోలలో పులి మీదపడితే తప్పించుకోవడం ఆడతారు. కుండా ధింసాలో భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. వేదిక మీద ఇదంతా ఐదు నిమిషాల స్వాగత నృత్యమైపోతుంది. గొలుసు విప్పుకుని అతిథుల వైపు గీతలా నిలబడుతుంది. ఎవరో ఒకరు చివరలో వరుసలో చేరి నాలుగడుగులు వేస్తారు, ఫొటో పడుతుంది. పర్యాటకుల ముందు ఆడి నాలుగు డబ్బులు సంపాదించుకునే బృందాలను నేను తప్పుపట్టను, అది వాళ్ల జీవనోపాధి. కళాశాల చేయవలసిన పని మాత్రం అది కాదు. బాగ్ తోల అడుగులు తెలిసిన ముసలామె ఏ ఊళ్లో ఉందో కనుక్కోవడం, ఆమె దగ్గర కూర్చుని నేర్చుకోవడం, మోరి వాద్యం చేసేవాళ్లు ఇంకా ఎంతమంది మిగిలారో రాసిపెట్టడం కళాశాల పని. అందుకు సంత రోజుకు మించిన రోజు లేదు, ఎందుకంటే ఆ ముసలామె సంతకు వస్తుంది.

దీనికి సమయం ఎక్కడిదని అడిగేవాళ్లకు జవాబు ఇప్పటికే పాఠ్య ప్రణాళికలో ఉంది. జాతీయ సేవా పథకం 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది. అందులో చేరిన విద్యార్థి రెండేళ్లలో 240 గంటలు సేవ చేయాలి, దత్తత ఊళ్లో ఏడు రోజుల శిబిరంలో ఉండాలి. ఇక రాష్ట్రంలో ప్రతి డిగ్రీ విద్యార్థీ మొదటి ఏడాది తర్వాత కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చేయాల్సిందే: 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. అంటే గంటలున్నాయి, మార్కులున్నాయి, చేయాలన్న నియమమూ ఉంది. ఆ గంటలు ఎటు పోతున్నాయన్నదే అసలు విషయం. నలభై ఇళ్ల దగ్గర ఒకే ప్రశ్నావళి నింపడం, గోడ మీద నినాదం రాయడం, ర్యాలీ తీసి ఫొటో దిగడం, చివర రికార్డు మీద సంతకం. ప్రశ్నలు అడిగించుకున్న ఇంటివాళ్లకు దాని ఫలితం ఎప్పుడూ తెలియదు. అదే విద్యార్థి అదే 180 గంటలు సంత రోజుల్లో ఖర్చు పెడితే ఏడాది పొడవునా ఒకే జనంతో ముఖపరిచయం ఏర్పడుతుంది. ఈ వారం చెప్పిన మాటకు వచ్చే వారం జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

అక్కడ చేయదగిన పనులు బోలెడు. నన్నడిగితే కామర్స్ విద్యార్థులతో మొదలుపెట్టమంటాను. సంతలో తూకం మీద ఉన్న అనుమానం ఈనాటిది కాదు. గిరిజన సహకార సంస్థ (జీసీసీ) 1956లో పుట్టిందే దళారుల చేతిలో గిరిజనులు నష్టపోకూడదని. తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న కాటా ఒకటి సంత మొగలో పెట్టి, అమ్మకానికి వచ్చినవాళ్లు ముందుగా తమ పసుపు, చింతపండు తూచుకునే వీలు కల్పిస్తే చాలు. పక్కనే ఆ వారం జీసీసీ ధరలు మైకులో చదివి వినిపించాలి. బోర్డు రాసి ఊరుకుంటే లాభం లేదు, చదవలేని పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. తెలుగు రాకపోయినా వినపడేలా ఆదివాసీ ఒడియాలో, కువిలో కూడా చెప్పాలి. ఇందుకు అనువాదకులను వెతుక్కోనక్కర్లేదు, ఆ తరగతి గదిలో కూర్చున్న పిల్లల ఇంటి భాషలే అవి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టారు. బడిలో అక్షరాలుగా ప్రవేశించిన ఆ భాషలకు కాలేజీ స్థాయిలో ఏ పనీ లేకుండా పోయింది. సంతలో ఆ భాషలే అధికార భాషలు.

వైద్య కళాశాల సంగతి మరీ ముఖ్యం. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమం ప్రారంభించింది. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి ఈ జబ్బు ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం. పరీక్ష చేయడం, కార్డు ఇవ్వడం వరకు ప్రభుత్వ యంత్రాంగం చేయగలదు. కష్టమైన భాగం ఆ తర్వాత వస్తుంది. సికిల్ సెల్ లక్షణాన్ని మోసే ఇద్దరు పెళ్లి చేసుకుంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి ఉంటుంది. వాళ్లిద్దరికీ సాధారణంగా ఏ బాధా ఉండదు కాబట్టి తమలో అది ఉందని తెలియదు. అంటే ఇది పెళ్లి సంబంధాలు మాట్లాడుకునే వయసులో, ఆ మాటలు నడిచే చోట చెప్పాల్సిన విషయం. ఆ వయసు డిగ్రీ విద్యార్థులది, ఆ చోటు సంత. తెల్లకోటు వేసుకున్న కొత్త మనిషి చెబితే భయపడి కార్డు దాచేసే కుటుంబం, పక్క ఊరి అమ్మాయి తన భాషలో నెమ్మదిగా చెబితే వింటుంది. కార్డులో ఏముందో నలుగురి ముందు బయటపెట్టకుండా, సంబంధం తెగిపోతుందేమో అన్న బెంగను అర్థం చేసుకుని మాట్లాడటం నేర్పవలసిన విద్య. పాడేరులో వైద్య విద్యార్థులు, డిగ్రీ విద్యార్థులు కలిసి ఈ పని చేయడానికి మధ్యలో అడ్డుగోడ ఏదీ లేదు, రెండు సంస్థలూ ఒకే ఊళ్లో ఉన్నాయి.

జనం చేరిన చోటికి వ్యవస్థ నడిచి వెళ్లడం మనకు కొత్తేమీ కాదు. ఆదిలాబాద్ జిల్లా ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశీయులు నాగోబా జాతర చేస్తారు. 1940లో జోడేఘాట్‌లో గోండు నాయకుడు కొమరం భీం మరణం తర్వాత గోండుల అసంతృప్తికి కారణాలు తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన సలహాతో ఆ దశాబ్దంలోనే జాతర సమయంలో దర్బార్ మొదలైంది. జనాన్ని జిల్లా కేంద్రానికి రమ్మనకుండా అధికారులే జాతరకు వెళ్లి అర్జీలు వినడం ఆ దర్బార్ ప్రత్యేకత. ఎనభై ఏళ్లు దాటుతున్నా అది నిలిచి ఉందంటే కారణం జాతర జనానిది కావడమే. ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, జాతర తేదీ మారలేదు. ఇక ఉత్తరాంధ్ర వైపు గిడుగు రామమూర్తి గారున్నారు. పర్లాకిమిడి రాజావారి కళాశాలలో పాఠాలు చెబుతూ సవరల దగ్గరే వాళ్ల భాష నేర్చుకున్నారు, వాళ్ల పిల్లలకు సొంత ఖర్చుతో బడులు పెట్టారు. సవర భాష మీద ఆయన రాసిన వ్యాకరణ గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసింది. తెలుగు నేల మీద ఒక కళాశాల అధ్యాపకుడు కొండవాళ్ల దగ్గర విద్యార్థిగా కూర్చున్న గొప్ప ఉదాహరణ ఇది. ఏటా ఆగస్టు 29న ఆయన పేరిట తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటాం, ఆయన సవర కృషికి కొనసాగింపుగా మన్యం కళాశాలల్లో ఆ రోజు ఏదైనా జరిగితే బాగుండేది.

చదువుల ఊరి ఉత్సవమంటే శాంతినికేతన్ పౌష్ మేళాను తలుచుకోవాలి. 1894లో మొదలైన ఆ మేళా అక్కడి విశ్వభారతి విశ్వవిద్యాలయం కన్నా పాతది. చుట్టుపక్కల ఊళ్ల చేతిపనివాళ్లు, బావుల్ గాయకులు, సంతాల్ కుటుంబాలు అందులో అతిథులుగా కాక హక్కుదారులుగా ఉంటారు. అయితే ఆ ఉదాహరణలో హెచ్చరిక కూడా ఉంది. జనం, దుకాణాలు పెరిగి చెత్త, కాలుష్యం సమస్యగా మారి వ్యవహారం హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2020 నుంచి కొన్నేళ్లు విశ్వవిద్యాలయం మేళా నిర్వహణ నుంచే తప్పుకుంది. చిన్న వ్యాపారులు, చేతిపనివాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో అప్పటి వార్తలు చూస్తే తెలుస్తుంది. అందుకే నేను కొత్త మేళా పెట్టమనడం లేదు. ఉన్న సంతలో కళాశాల ఒక మూల చోటు అడుక్కోవాలంటున్నాను. భారం తక్కువ, ఆగిపోయినా నష్టం తక్కువ, నడిస్తే లాభం ఎక్కువ.

నా వాదనలో రెండో సగం క్యాలెండరు గురించి. చైత్రంలో ఇటుకల పండుగ వస్తుంది. మగవాళ్లు వేటకు అడవి పడతారు, ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా కర్ర కట్టి వచ్చే పోయే బళ్లను ఆపి పండుగ డబ్బు అడుగుతారు, రాత్రంతా ధింసా. మామిడి కొత్త, కొర్ర కొత్త, చిక్కుడు కొత్త అంటూ ప్రతి పంటకూ తినడానికి ముందు ఒక పండుగ ఉంటుంది. మేలో పాడేరు మోదకొండమ్మ జాతర. నవంబరు నుంచి జనవరి దాకా కాఫీ పళ్లు కోతకు వస్తాయి, ఇంట్లో ప్రతి చేయీ తోటలో ఉండాలి. కళాశాలల పరీక్షల పట్టిక, శిబిరాల తేదీలు వీటితో నిమిత్తం లేకుండా తయారవుతాయి. విశాఖ నగరంలోని కళాశాలకూ పాడేరు కళాశాలకూ ఒకే పట్టిక. ఫలితం: కాఫీ కోతల్లో హాజరు పడిపోతుంది, పండుగకు ఇంటికి వెళ్లిన పిల్లవాడికి ఇంటర్నల్ పోతుంది, ఆ లోపం పిల్లవాడి నిర్లక్ష్యం కింద జమ అవుతుంది. పరీక్షల తేదీలు విశ్వవిద్యాలయమంతటికీ ఒకటే ఉండాలన్న అభ్యంతరం న్యాయమైనదే. ప్రధాన పరీక్షలను కదపమని నేను అడగను. ఇంటర్నల్ పరీక్షలు, సేవా శిబిరాలు, కాలేజీ వార్షికోత్సవం, క్రీడా పోటీలు ఇవన్నీ కళాశాల చేతిలో ఉన్నవే. ఇటుకల పండుగ వారంలో శిబిరం ఊళ్లోనే పెడితే పిల్లలు సెలవు అడగాల్సిన అవసరమే రాదు. కాఫీ కోతల కాలంలో కమ్యూనిటీ సర్వీస్ గంటలను పళ్ల గ్రేడింగ్, పల్పింగ్ మీద పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఎదురయ్యే బలమైన అభ్యంతరం ఒకటుంది. పండుగల్లో, జాతరల్లో సంస్థలు వేలు పెడితే అవి పాడవుతాయి. ఇవాళ కళాశాల బ్యానర్ వస్తుంది, రేపు కంపెనీ బ్యానర్ వస్తుంది, ఎల్లుండి పూజారి పక్కన కెమెరాలు నిలబడతాయి. ఈ భయాన్ని నేను పూర్తిగా గౌరవిస్తాను. గ్రామదేవత జాకరమ్మ గుడి దగ్గర, శంకుదేవుడి ముందు ఏం జరగాలో చెప్పే హక్కు ఆ ఊరిది, దాన్ని డాక్యుమెంట్ చేయాలన్న ఉత్సాహం ఎంత మంచిదైనా ఊరు వద్దంటే వద్దంతే. అందుకే సంతను, పూజను వేరుచేసి చూడాలి. సంత అందరిదీ. పూజ ఊరిది. అడగవలసిన చోటు కూడా చట్టం ముందే చెప్పి ఉంచింది. 1996 నాటి పీసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో సంప్రదాయాలను, ఆచారాలను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఊరి సంతలను నిర్వహించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండేలా చూడాలని కూడా అదే చట్టం చెబుతోంది. కాబట్టి కళాశాల అనుమతి కోసం కలెక్టరేట్‌కు కాగితం పంపే ముందు గ్రామసభకు వెళ్లి కూర్చోవాలి. తమ ఊరి గ్రామసభలో లేచి నిలబడి ఒక ప్రతిపాదన చెప్పి, పెద్దలు వేసే ప్రశ్నలకు జవాబిచ్చి, ఒప్పించడమో ఓడిపోవడమో జరిగిన విద్యార్థికి రాజనీతి శాస్త్రంలో అంతకు మించిన పాఠం ఏ గదిలోనూ దొరకదు. పీసా గురించి పరీక్షలో రాసి, తన ఊరి గ్రామసభ ఎప్పుడూ చూడని పట్టభద్రుణ్ణి తయారుచేస్తున్న చదువు మీద నాకు కోపం ఉంది.

భద్రత మాట కూడా వస్తుంది. 2018 సెప్టెంబరు 23న డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. వాళ్లు బయల్దేరింది గ్రామదర్శిని కార్యక్రమానికే. అలాంటి గతం ఉన్న చోట యువకులను సంతల్లో, సభల్లో తిప్పడం ఎందుకని తల్లిదండ్రులు, పోలీసులు జంకితే తప్పుపట్టలేం. అయితే తుపాకుల నీడలో దశాబ్దాలు గడిపిన ప్రాంతంలో జరిగిన పెద్ద నష్టాల్లో ఒకటి బహిరంగంగా మాట్లాడే అలవాటు పోవడం. నలుగురు కూడితే అటు వాళ్లకు అనుమానం, ఇటు వాళ్లకు అనుమానం. ఆ రోజుల తీవ్రత ఇప్పుడు చాలా తగ్గింది. పగటిపూట, సంత నడిబొడ్డున, అందరికీ వినపడేలా మైకులో ధరలు చదవడం, అటవీ హక్కుల పట్టాకు దరఖాస్తు రాసిపెట్టడం కన్నా నిరపాయమైన బహిరంగ జీవితం ఏముంటుంది? హాస్టల్ వేళలకు ఇబ్బంది కూడా రాదు, సంత మధ్యాహ్నానికే పలచబడుతుంది.

పర్యాటకం సంగతి వేరు. ఉత్సవాలు అరకుకు పర్యాటకులను తెస్తాయి, గదులు నిండుతాయి, వెదురు చికెన్ అమ్ముకునేవాడి నుంచి జీపు డ్రైవరు దాకా పది మంది బతుకుతారు. ఆ ఆదాయం కావాలి, ఉత్సవాలు ఆపమని ఎవరూ అనరు. ఉత్సవ కమిటీలో విద్యార్థులకు ఎన్ని కుర్చీలున్నాయన్నది మాత్రం అడగాలి. ధింసా పోటీకి న్యాయనిర్ణేతలుగా ఊళ్ల నుంచి ఇద్దరు పెద్దామెలను పిలిచారా, వచ్చిన చెత్త ఎవరు ఎత్తారు, ఎంత ఖర్చయింది అన్న లెక్కను కళాశాల నోటీసు బోర్డు మీద పెట్టారా? ఇవి చిన్న ప్రశ్నలుగా కనిపించవచ్చు. పర్యాటకుల ముందు తన ఊరిని ఎలా చూపించాలో నిర్ణయించే అవకాశం దొరికిన పిల్లలు రేపు హోంస్టే నడుపుతారు, గైడ్లవుతారు, సర్పంచులవుతారు. దొరకనివాళ్లు ఇంకొకరి రిసార్టులో పనికి కుదురుతారు.

డబ్బు గురించి పెద్దగా చెప్పడానికి లేదు. కాటా ఒకటి, మైకు సెట్టు ఒకటి, టార్పాలిన్ ఒకటి కావాలి. ప్రయాణం ఖర్చు సున్నాకు దగ్గర, ఎందుకంటే జనం తమంతట తామే వస్తున్నారు, హుకుంపేట మండలం పిల్లలు వారాంతంలో ఇళ్లకు వెళ్లే దారి కూడా అదే. కావలసింది మూడు సంతకాలు. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గంటలను సంత పనికి లెక్కగడతామని కళాశాల ప్రిన్సిపాల్ సంతకం, జీసీసీ ధరల పట్టిక, ముద్ర వేసిన కాటా ప్రతి వారం అందిస్తామని ఐటీడీఏ ప్రాజెక్టు అధికారి సంతకం, సంతలో చోటిస్తామని పంచాయతీ తీర్మానం మీద సర్పంచి సంతకం. వైద్య కళాశాల రెండో నెల నుంచి చేరవచ్చు. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి పాడేరులో సభ ఎలాగూ జరుగుతుంది. ఆ వారం సంతలో కళాశాల పిల్లలు తమ మొదటి ఏడాది లెక్క చెప్పాలి: ఎన్ని మూటలు తూచాం, వ్యాపారి తూకానికీ మా తూకానికీ ఎంత తేడా వచ్చింది, ఎన్ని పట్టా దరఖాస్తులు రాశాం, వాటిలో ఎన్ని కదిలాయి. ఆ లెక్క వేదిక మీది అతిథులకు చెప్పనవసరం లేదు, పసుపు మూట దించుకుని నిలబడ్డవాళ్లకు చెప్పాలి, తప్పుంటే వాళ్లే అక్కడికక్కడ నిలదీస్తారు.